బ్యాంకాక్‌లో నాలుగు రోజులు: అమ్మగారితో, పాపతో వెళ్ళే కుటుంబానికి

డిసెంబరు మూడో వారంలో ఒక గురువారం తెల్లవారుజామున హైదరాబాదు నుంచి బ్యాంకాక్‌లో దిగి, ఆదివారం రాత్రి తిరుగు విమానం ఎక్కుతామని రాశారు. మీ దంపతులతో పాటు పదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు వస్తున్నారని, అమ్మగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి అని చెప్పారు. ఈ నాలుగు రోజుల్లో గ్రాండ్ ప్యాలెస్, పట్టాయా సముద్రతీరం, అయుత్తయా శిథిలాలు, నీటి మీది సంత, చతుచాక్ బజారు, రాత్రి విందు పడవ అన్నీ చూడగలమా అని అడిగారు. చూడలేరు. చూసినా, తిరిగి వచ్చాక మీకు కారు కిటికీలే గుర్తుంటాయి. ఉద్యోగరీత్యా ఏడేళ్ళు ఆ నగరంలో కాపురం ఉండి, ఊరి నుంచి వచ్చిన బంధువులను, పెద్దవాళ్ళను ఎన్నోసార్లు దగ్గరుండి తిప్పినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

బ్యాంకాక్‌లో రెండు చోట్ల మధ్య ఎన్ని కిలోమీటర్లున్నాయన్నది లెక్కలోకి రాదు. మధ్యలో రోడ్డు ఉందా, రైలు ఉందా, నీరు ఉందా అన్నదే లెక్క. రోడ్డు మీద ఐదు కిలోమీటర్లకు సాయంత్రం వేళ గంట పట్టవచ్చు. అదే దూరం ఎత్తుమీద నడిచే స్కైట్రైన్‌లో పదిహేను నిమిషాల్లో పూర్తవుతుంది. ఇక రెండోది ఎండ. డిసెంబరు అక్కడ చల్లని నెలే అయినా, మధ్యాహ్నం రాతి ప్రాంగణాల్లో నిలబడితే మన మార్చి నెల ఎండలా తగులుతుంది. అందుకని ఉదయం ఒక పని, సాయంత్రం ఒక పని పెట్టుకుని, ఒంటిగంట నుంచి నాలుగు వరకు అమ్మగారిని చల్లని గదిలో పడుకోనివ్వండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగిలినవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. పట్టాయా వైపు వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు పడుతుంది. సముద్రం చూడాలని ఉంటే విశాఖపట్నం మనకు దగ్గరే ఉంది. దాన్ని జాబితా నుంచి తీసేయండి.

బస విషయంలో ఒకటే సలహా: హోటల్ ఎంత పెద్దదన్నది కాదు, స్టేషన్‌కు ఎంత దగ్గరన్నది చూడండి. మీ అమ్మగారి నడకతో ఐదు నిమిషాల దూరం మించకూడదు. సిలోమ్ వీధి పరిసరాలైతే అన్ని విధాలా మీకు అనుకూలం, ఎందుకంటే స్కైట్రైన్ అక్కడే ఉంది, నది రేవు రెండు మూడు స్టేషన్ల దూరంలో ఉంది, దోసె, ఇడ్లీ దొరికే దక్షిణాది భోజనశాలలు మరియమ్మన్ గుడి చుట్టుపక్కల ఉన్నాయి. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చే రైలు ఫాయా థాయ్ దగ్గర ఆగిపోతుంది కనుక, ఆ ప్రాంతం కూడా మంచిదే. నదికి దగ్గరగా ఉందని, చవక అని కొందరు ఖావో సాన్ వీధి పేరు చెబుతారు; రాత్రి రెండు గంటల దాకా పాటల హోరు వినిపించే ఆ వీధి మీ కుటుంబానికి తగదు. డిసెంబరు చివరి పది రోజులూ గదుల అద్దెలు బాగా పెరుగుతాయి, కాబట్టి ఇప్పుడే ఖాయం చేసుకోవడం మేలు.

ప్రయాణ పత్రాల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 2024 జూలైలో భారతీయ పర్యాటకులకు వీసా లేకుండా 60 రోజుల వరకు ఉండే వెసులుబాటు ఇచ్చారు. ఇలాంటి నియమాలు మారుతూ ఉంటాయి కనుక టికెట్లు కొనేముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ ఒకసారి చూడండి. 2025 మే 1 నుంచి ప్రతి ప్రయాణికుడూ దిగడానికి ముందు మూడు రోజుల లోపల డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే సైటు ఏదైనా మోసమే. డబ్బు మార్చుకోవడానికి విమానాశ్రయంలో రాకపోకల అంతస్తులో తొందరపడకుండా, కింద రైలు ఎక్కే అంతస్తు దాకా వెళ్ళండి. అక్కడి కౌంటర్లలో పైకన్నా మంచి ధర ఇస్తారు.

గురువారం తెల్లవారుజామున దిగుతున్నారు. రాత్రంతా నిద్ర ఉండదు, గది మధ్యాహ్నం రెండింటికి గాని ఇవ్వరు. ఆ స్థితిలో నేరుగా రాజప్రాసాదానికి బయలుదేరేవాళ్ళను చాలామందిని చూశాను; పదకొండు గంటలకల్లా ఎవరో ఒకరు మెట్ల మీద కూలబడతారు. సామాను హోటల్లో పెట్టి, ఫలహారం చేసి, అమ్మగారికి ఎక్కడైనా చల్లగా కూర్చునే చోటు చూడండి. గది దొరికాక నిద్రపోండి. సాయంత్రం ఐదింటికి బయలుదేరి రాచప్రసోంగ్ కూడలికి వెళ్ళండి.

ఆ కూడలిని చాలామంది దుకాణాల కోసం చూస్తారు, నేను దేవతల కోసం చూడమంటాను. మూలన ఉన్న ఎరవాన్ మందిరంలో చతుర్ముఖ బ్రహ్మ కొలువై ఉన్నాడు. ఎరవాన్ అంటే మన ఐరావతమే. అక్కడ హోటల్ కడుతున్నప్పుడు వరుసగా ఆటంకాలు వస్తే, జ్యోతిష్కుల సలహాతో 1956లో ఆ బ్రహ్మను ప్రతిష్ఠించారు. మన దగ్గర బ్రహ్మకు గుళ్ళు అరుదు కదా, అక్కడ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే యువతులు చెప్పులు విడిచి, నాలుగు ముఖాలకూ నాలుగు వైపులా తిరిగి మొక్కుతారు. మొక్కు తీరినవాళ్ళు డబ్బు చెల్లిస్తే, కిరీటాలు పెట్టుకున్న నర్తకీమణులు అక్కడే నాట్యం చేస్తారు. అదే కూడలిలో నడక వంతెన మీదుగా తిరిగితే ఇంద్రుడు, గరుడారూఢుడైన నారాయణుడు, త్రిమూర్తి, వినాయకుడు ఒక్కొక్క భవనం ముందు కనిపిస్తారు. వెళ్ళేటప్పుడు స్కైట్రైన్ స్టేషన్ల పేర్లు పాపతో గట్టిగా చదివించండి. రాచథేవీ అంటే రాజదేవి. నది అవతలి ఒడ్డు పేరు థోన్‌బురి, అంటే ధనపురి. మనం బ్యాంకాక్ అంటున్న నగరాన్ని అక్కడివాళ్ళు క్రుంగ్ థేప్ అంటారు, అది వ్యవహారంలో వాడే పొట్టి పేరు. పూర్తి పేరును సంస్కృత, పాళీ పదాలు గుర్తుపట్టేలా మన లిపిలో రాస్తే ఇలా ఉంటుంది: మహానగర, అమర రత్నకోసింద్ర, మహింద్రాయుధ్యా, మహాతిలక భవ, నవరత్న రాజధానీ పురీరమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమర విమాన అవతార స్థిత, శక్రదత్తియ విష్ణుకర్మ ప్రసిద్ధి. ఇంద్రుడు ఇవ్వగా విశ్వకర్మ కట్టిన నగరం అని చివరి మాటల భావం. ఉచ్చారణ మాత్రం థాయ్ నోట పూర్తిగా వేరుగా ఉంటుంది, అయినా తెలుగు చదువుకున్నవారికి ఈ పేరు పరాయిగా అనిపించదు.

శుక్రవారం ఉదయం మీ యాత్రకంతటికీ ప్రధానం కనుక దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. ఏడున్నరకల్లా సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగండి. మెట్లు దిగితే ఎదురుగా సాథోన్ రేవు ఉంటుంది. నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కి థా చాంగ్ రేవులో దిగండి. ఉద్యోగులు, విద్యార్థులు ఎక్కే పడవ అది, టికెట్ ధర థాయ్ డబ్బులో కొన్ని బాత్‌లు మాత్రమే. నీలం జెండా ఉన్నది పర్యాటకుల పడవ, ధర ఎక్కువ, కాని కూర్చోవడానికి చోటు సులువుగా దొరుకుతుంది. అమ్మగారి కోసం అదే తీసుకున్నా తప్పు లేదు. థా చాంగ్ నుంచి గ్రాండ్ ప్యాలెస్ ద్వారం కొద్ది నిమిషాల నడక. తలుపులు ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మీరు ఆ సమయానికి అక్కడ ఉండాలి. తొమ్మిదిన్నరకు బస్సుల్లో వచ్చే బృందాలు లోపలికి చేరాక బొమ్మలు కనబడవు, తలలే కనబడతాయి.

ఆ నాలుగైదు వందల గజాల నడకలోనే ఒక జాగ్రత్త అవసరం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మర్యాదస్తుడు ఒకాయన ఎదురై, ఈరోజు ప్యాలెస్ మూసి ఉందని, ఏదో పూజ జరుగుతోందని, ఈలోగా తనకు తెలిసిన ఆటోలాంటి టుక్‌టుక్‌లో ఇరవై బాత్‌లకే నాలుగు గుళ్ళు చూపిస్తారని చెబుతాడు. ఆ టుక్‌టుక్ చివరికి రత్నాల కొట్టు ముందు ఆగుతుంది. మా బాబాయిగారు నేను వెంట లేని ఒక్క పూట ఈ మాట నమ్మి, నీలం అని చెప్పిన రాయిని పద్దెనిమిది వేల రూపాయలకు కొని, మూడు రోజుల దాకా నాకు చెప్పలేక బాధపడ్డారు. ప్యాలెస్ మూసి ఉందో లేదో టికెట్ కిటికీ దగ్గరే తెలుసుకోండి, వీధిలో ఎవరి మాటా వినకండి.

భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు అందరికీ తప్పనిసరి. అమ్మగారి చీర, శ్రీమతిగారి సల్వార్ కమీజుతో ఏ ఇబ్బందీ ఉండదు, మీరు మాత్రం పొట్టి నిక్కరు వేసుకోకండి. సులువుగా విడిచి తొడుక్కునే చెప్పులు అందరికీ ఉండాలి. ప్యాలెస్ ప్రవేశానికి మనిషికి 500 బాత్‌లు, అదే రోజు చూసే ఆలయాల్లో వాట్ పోకు 300, వాట్ అరుణ్‌కు 200. నలుగురికీ కలిపి ఆ రోజు టికెట్లకే నాలుగు వేల బాత్‌లు సిద్ధంగా ఉంచుకోండి. బాత్ విలువ ఈమధ్య రెండున్నర రూపాయలకు పైనే ఉంటోంది. ప్యాలెస్ టికెట్‌ను పారేయకండి. సాలా చలెంక్రుంగ్ నాటకశాలలో ప్రదర్శించే ఖోన్ ముసుగు నాట్యానికి అదే టికెట్ చెల్లుతుంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రదర్శనలుంటాయి. శుక్రవారమే వెళ్ళమనడానికి అదొక కారణం.

లోపలికి వెళ్ళగానే అందరూ మరకత బుద్ధుడి మందిరం వైపు వెళతారు. ఆ విగ్రహం 66 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే, రాయి కూడా మరకతం కాదు, పచ్చని జేడ్ జాతి రాయి. ఎండకు, వానకు, చలికి మూడు రకాల బంగారు వస్త్రాలు ఉంటాయి. ఋతువు మారినప్పుడల్లా రాజే స్వయంగా మారుస్తాడు. మీరు వెళ్ళేసరికి చలికాలపు వస్త్రం ఉంటుంది. లోపల ఫోటోలు తీయకూడదు. కాళ్ళు వెనక్కి మడిచి, పాదాలు బుద్ధుడి వైపు చూపకుండా కూర్చోవాలి. మోకాళ్ళు మడవలేని అమ్మగారు వెనుక పక్కన నిలబడి దండం పెట్టుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

కాని నా మనసులో ఆ ప్రాంగణంలో అన్నిటికన్నా విలువైనది మందిరం చుట్టూ ఉన్న వసారా గోడ. దాని మీద 178 చిత్రాల్లో రామాయణమంతా ఉంది. థాయ్ ప్రజలు దాన్ని రామకియన్ అంటారు, అంటే రామకీర్తి. చక్రి వంశపు మొదటి రాజు, 1782లో ఈ నగరాన్ని రాజధానిగా చేసినవాడు, ఆ కావ్యాన్ని తన ఆస్థానంలో రాయించాడు. ఆ వంశపు రాజులందరినీ నేటికీ మొదటి రామ, ఐదవ రామ అనే లెక్కపెడతారు. చిత్రాలు ఉత్తరం వైపు విహాన్ యోత్ మందిరం ఎదురుగా, జనకుడు నేల దున్నుతుండగా సీత దొరికే ఘట్టంతో మొదలవుతాయి. కథ సాగే దిశ మనం గుడిలో ప్రదక్షిణం చేసే దిశే. అమ్మగారిని ముందు నడవమని, కథ పాపకు చెప్పమనండి. వసారాకు పైకప్పు ఉంది కనుక ఎండ తగలదు, నేల సమతలంగా ఉంటుంది, ఎక్కడైనా ఆగవచ్చు.

అమ్మగారు కొన్ని చోట్ల ఇది మన రామాయణం కాదే అంటారు. ఆ చోట్లలోనే ఆగండి. అక్కడ రావణుడి పేరు తొసకాన్, దశకంఠుడన్నమాట, ఒళ్ళంతా ఆకుపచ్చ. సీత పుట్టుక వాడి ఇంట్లోనే. అరిష్టమని విభీషణుడు చెబితే నీళ్ళలో వదిలేస్తారు. విభీషణుడి కూతురు బెన్యకాయ్ తొసకాన్ ఆజ్ఞతో సీత శవంలా మారి రాముడి విడిది దగ్గరికి నదిలో తేలి వస్తుంది. శవం ఏటికి ఎదురు రావడమేమిటని అనుమానించిన హనుమంతుడు దాన్ని చితి మీద పెట్టిస్తాడు, పొగతో పాటు ఆమె పైకి ఎగిరిపోతుంటే పట్టుకుంటాడు. తెల్లని హనుమంతుడు అక్కడ బ్రహ్మచారి కాడు, ఈ మాట పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచడం మంచిది. వారధి రాళ్ళను దొంగిలించే మత్స్యకన్యతో అతనికి మచ్చాను అనే కొడుకు పుడతాడు. ఇక మైరావణుడి కథ. మన బొమ్మలాటల్లో, హరికథల్లో హనుమంతుడు తోకను కోటగా చుట్టి రామలక్ష్మణులను కాపాడతాడు, అయినా మైరావణుడు ఎత్తుకుపోతాడు, పాతాళం వాకిట మత్స్యవల్లభుడు తండ్రితోనే తలపడతాడు. బ్యాంకాక్ గోడ మీద హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి మంటపాన్ని నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు. మా అమ్మ ఆ చిత్రం ముందు పావుగంట నిలబడి, తన చిన్నతనంలో ఊళ్ళో తోలుబొమ్మలవాళ్ళు ఆడిన మైరావణ కథ మొత్తం చెప్పింది. పక్కన ఉన్న థాయ్ కాపలామనిషి ఏమీ అర్థం కాకపోయినా నవ్వుతూ విన్నాడు. ఈ గోడకు కనీసం గంటన్నర కేటాయించండి.

వాట్ పో అక్కడికి దక్షిణంగా ఉంది. పదిహేను నిమిషాల నడకే గాని అప్పటికి ఎండెక్కుతుంది, అమ్మగారిని టుక్‌టుక్‌లో తీసుకెళ్ళండి, ధర ముందే మాట్లాడుకోండి. 46 మీటర్ల శయన బుద్ధుడి అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలున్నాయి. వెనుక వైపు వరుసగా ఉన్న 108 కంచు గిన్నెల్లో చిల్లర నాణేలు వేసుకుంటూ వెళ్ళడం పాపకు తప్పక నచ్చుతుంది. థాయ్ మర్దన విద్యకు ఈ ఆలయం పేరుపొందిన చోటు, ప్రాంగణంలోనే మర్దనశాల ఉంది. అమ్మగారికి పాదాల మర్దన చేయించండి, మోకాళ్ళ సంగతి ముందే చెప్పాలి. ఆ తర్వాత గదికి వెళ్ళి పడుకోవడమో, ఖోన్ ప్రదర్శనకు వెళ్ళి చల్లని నాటకశాలలో కూర్చోవడమో అప్పటి ఓపికను బట్టి తేల్చుకోండి.

సాయంత్రం నాలుగున్నరకు వాట్ పో దగ్గరి థా థియన్ రేవుకు వచ్చి, అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళే చిన్న పడవలో వాట్ అరుణ్ చేరండి. సూర్యుడి సారథి అరుణుడి పేరే ఆ ఆలయానికి పెట్టారు. గోపురమంతా చైనా పింగాణీ ముక్కలు పూలుగా అతికి కట్టారు. దూరం నుంచి రాయిలా కనిపించేది దగ్గరికి వెళ్ళేసరికి పళ్ళెం ముక్కలుగా, గిన్నె అంచులుగా విడిపోతుంది. పైన గూళ్ళలో మూడు తలల ఐరావతం మీద ఇంద్రుడున్నాడు. మెట్లు చాలా నిటారుగా ఉంటాయి, అమ్మగారిని ఎక్కించకండి, కిందనే చూడవలసినది చాలా ఉంది. ఆరింటికి ముందే తిరిగి ఇవతలి ఒడ్డుకు వచ్చేయండి. గోపురం వెనుక పొద్దు కుంకి, దీపాలు వెలిగే దృశ్యం ఈ ఒడ్డు నుంచే కనబడుతుంది. ఇది చూశాక విందు పడవ అవసరం ఉండదు. ఆ పడవల్లో పాటల చప్పుడు ఎక్కువ, అమ్మగారు తినగలిగేది తక్కువ.

తిండి సంగతి ఇక్కడే చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుని ఇబ్బంది పడతారు. థాయ్ వంటలో మాంసం కనబడకపోయినా చేప ఊట ఉంటుంది. దాన్ని నామ్ ప్లా అంటారు, మనం ఉప్పు వేసినంత సహజంగా దాన్ని వేస్తారు. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, పాడ్ థాయ్‌లో చేప ఊట, గుడ్డు, కూరగాయల వేపుడులో ఆయిస్టర్ సాస్ ఉంటాయి. వెజిటేరియన్ అంటే మాంసం ముక్కలు తీసి ఇస్తారు తప్ప ఊట మానరు. మీరు వాడవలసిన మాట జే. చైనా బౌద్ధ సంప్రదాయపు పూర్తి శాకాహారానికి ఆ పేరు. అందులో గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు పచ్చ జెండా మీద ఎర్రని అక్షరంతో ఆ గుర్తు పెట్టిన బండి ఎక్కడ కనిపించినా అమ్మగారు నిస్సంకోచంగా తినవచ్చు. మంగ్‌సవిరాత్ అనే మరో మాట ఉంది, అది మన మాంసవిరతి. ఆ పేరుతో అమ్మేవాటిలో గుడ్డు ఉండవచ్చు. జే గుర్తును ఫోన్‌లో బొమ్మగా దాచుకుని చూపించడం అన్నిటికన్నా సులువు. మామిడిపండుతో జిగురన్నం, కొబ్బరిపాలు కలిపి ఇచ్చే తీపి పదార్థం, వీధిలో కోసి ఇచ్చే జామ, అనాస, బొప్పాయి ముక్కలు అందరికీ నచ్చుతాయి. ఒక సీసా కందిపొడి, కొద్దిగా పచ్చడి వెంట పెట్టుకోండి. వేడి తెల్లన్నం ఏ బండి దగ్గరైనా దొరుకుతుంది.

శనివారం విషయంలో నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. అయుత్తయాకు వెళ్ళకండి. 1350 నుంచి 1767 దాకా సయాం రాజధాని అది, పేరు మన అయోధ్యదే, బర్మా సైన్యం తగలబెట్టాక మిగిలిన ఇటుక గోపురాలు, తలలు తెగిన బుద్ధ విగ్రహాలు, చెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుడి శిరస్సు చూస్తే మనసు నిండుతుంది. అందుకే దాన్ని అరపూటలో ముగించకూడదు. 80 కిలోమీటర్లు వెళ్ళి, నీడ లేని శిథిలాల్లో మోకాళ్ళ నొప్పితో తిరగడం అమ్మగారికి శిక్ష అవుతుంది. మీ దంపతులు ఎప్పుడైనా మళ్ళీ వచ్చినప్పుడు అక్కడ ఒక రాత్రి ఉండండి. వంద కిలోమీటర్ల దూరంలోని దామ్నోన్ సదువాక్ నీటి సంత కూడా ఇప్పుడు పూర్తిగా పర్యాటకుల కోసమే నడుస్తోంది.

వాటికి బదులు థోన్‌బురి కాలువలు చూడండి. వారాంతంలో తెరిచే ఖ్లోంగ్ లాత్ మయోమ్ సంత నగరం లోపలే ఉంది, బ్యాంకాక్ కుటుంబాలే అక్కడికి తిండి కోసం వస్తాయి. ఉదయం తొమ్మిదిన్నరకల్లా టాక్సీలో చేరుకుని, అక్కడే చిన్న పడవ ఎక్కి కాలువల్లో తిరగవచ్చు. నీటి మీద స్తంభాలెత్తి కట్టిన చెక్క ఇళ్ళు, మెట్ల మీద కూర్చుని గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు, పడవలో వచ్చే కొబ్బరి కుల్ఫీ మనిషి, నీళ్ళలో మెల్లగా ఈదే పెద్ద ఉడుములు కనిపిస్తాయి. పాప ఉడుములను చూసి భయపడితే, అవి మనుషుల జోలికి రావని చెప్పండి. ఈ నగరం రోడ్ల కన్నా ముందు కాలువల మీద బతికింది, ఆ బతుకు ఇంకా ఈ వైపే మిగిలింది. టాక్సీ వాళ్ళను మీటరు వేయమని అడగండి, వేయనంటే దిగిపోండి. టాక్సీ పిలిచే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు అక్కడ బాగా పనిచేస్తాయి. శనివారం సాయంత్రం ఖాళీగా ఉంచండి. శ్రీమతిగారికి బట్టలు కొనాలని ఉంటే చతుచాక్‌కు ఆమె, మీలో మరొకరు వెళ్ళి రావచ్చు, వేల దుకాణాల ఇరుకు సందుల్లోకి అమ్మగారిని తీసుకెళ్ళవలసిన అవసరం లేదు.

ఆదివారం ఉదయం పాత ఊరిలోని సావో చింగ్ చా దగ్గరికి వెళ్ళండి. ఎర్రని టేకు స్తంభాల మీద నిలిచిన పెద్ద ఉయ్యాల చట్రం అది. పక్కనే 1784లో మొదటి రామ కట్టించిన దేవస్థానం ఉంది, రాజాస్థానపు బ్రాహ్మణుల గుడి. శివుడు భూలోకానికి దిగివచ్చే రోజులని చెప్పుకునే పండుగలో యువకులు ఆ ఉయ్యాల ఊగి, ఎత్తున కట్టిన నాణేల మూటను పళ్ళతో అందుకునేవారు. 1935లో ఆ ఊగడం మానేశారు, పూజ మాత్రం నడుస్తూనే ఉంది. ఆ పండుగ పేరు త్రియంపవాయ్, త్రిపవాయ్. అవి తమిళ భక్తిగీతాలైన తిరువెంబావై, తిరుప్పావై అన్న పేర్లే. మీరు వెళ్ళేది సరిగ్గా ధనుర్మాసం. తెల్లవారుజామున మన ఊళ్ళో తిరుప్పావై వినే అమ్మగారికి ఆ స్తంభాల కింద నిలబడి ఈ సంగతి చెప్పండి.

అక్కడి నుంచి పాక్ ఖ్లోంగ్ తలాత్ పూల బజారు దగ్గరే. బంతిపూలు మన విజయవాడ పూల మార్కెట్‌లో లాగే గుట్టలుగా ఉంటాయి, కాని మల్లెమొగ్గలను ముత్యాల్లా గుచ్చి కట్టే చిన్న మాలల పనితనం వేరు. పక్కనే ఉన్న ఫాహురత్‌లో పంజాబీ కుటుంబాల బట్టల కొట్లు, గురుద్వారా, రొట్టె, పప్పు దొరికే భోజనశాలలు ఉన్నాయి, మధ్యాహ్న భోజనం అక్కడ చేయవచ్చు. గది ఖాళీ చేసి సామాను హోటల్ వారి దగ్గర ఉంచితే సరిపోతుంది. మూడున్నరకు వాట్ త్రైమిత్‌కు వెళ్ళి ఐదున్నర టన్నుల బంగారు బుద్ధుణ్ణి చూడండి. ఎన్నో ఏళ్ళపాటు దాన్ని సున్నపు పూతతో ఉన్న మామూలు విగ్రహమనే అనుకున్నారు. 1955లో చోటు మారుస్తుండగా పూత పగిలి లోపలి బంగారం బయటపడింది. దీపాలు పెట్టే వేళకు యావరాత్ వీధిలో చైనా బజారు మొదలవుతుంది. ఒక అరగంట చూస్తే చాలు, అక్కడి బండ్ల మీద అధికభాగం చేపలు, రొయ్యలే.

మరొక్క ఆరోగ్యపు జాగ్రత్త ఉంది. డిసెంబరు నుంచి రెండు మూడు నెలలు ఆ నగరంలో పొగమంచు లాంటి కాలుష్యం పెరుగుతుంది. అమ్మగారికి ఉబ్బసం ఏమైనా ఉంటే మాస్కులు, మందులు దగ్గర ఉంచుకోండి. రాజకుటుంబం గురించి బహిరంగంగా ఏ వ్యాఖ్యా చేయకండి, అక్కడ అది కఠినమైన నేరం. ఆడవాళ్ళు భిక్షువులకు తగలకుండా పక్కకు తప్పుకోవాలి, పడవల్లో వాళ్ళ పక్కన కూర్చోకూడదు. పిల్లల తల నిమరడం కూడా అక్కడ మర్యాద కాదు, ఎంత ముద్దొచ్చినా.

విమానాశ్రయానికి టాక్సీలో కాకుండా ఫాయా థాయ్ నుంచి రైలులోనే వెళ్ళండి. అరగంట లోపు చేరతారు, ఆదివారం సాయంత్రపు రద్దీ మీకు తగలదు. విమానం వేళకు మూడు గంటల ముందే చేరుకోండి. చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొన్నప్పుడే అడిగి ఉంచండి, అక్కడికి వెళ్ళాక అడిగితే ఆలస్యమవుతుంది. తనిఖీలు దాటి లోపలికి వెళ్ళగానే క్షీరసాగర మథనం శిల్పం కనిపిస్తుంది, వాసుకిని చెరొక వైపు పట్టి లాగుతున్న దేవదానవులు, మందరం మీద విష్ణువు. కుర్చీ తోసే అబ్బాయిని అక్కడ రెండు నిమిషాలు ఆగమని అడగండి, ఆగుతాడు.